క్వార్టర్‌బ్యాక్ గాయపడితే జట్టు లోతును అంచనా వేయడం ఎలా: బెంగళూరు నుంచి కాలేజీ ఫుట్‌బాల్ చూసేవారికి

ఆస్టిన్‌లోనో కొలంబస్‌లోనో ఎం.ఎస్. చదివి తిరిగి వచ్చినవారు, అక్కడ చదువుతున్న తమ్ముడో చెల్లెలో పంపిన విశ్వవిద్యాలయం టీషర్టు వేసుకుని తిరిగేవారు, అమెరికా బృందంతో సోమవారం సాయంత్రం కాల్ మొదలయ్యే ముందు నాలుగు మాటలు కలపడానికి ఆట నేర్చుకున్నవారు, ఇలా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను వదలకుండా అనుసరించే తెలుగువారు బెంగళూరులో వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా కనిపిస్తారు. వీరిలో బాగా అనుభవం ఉన్నవారిని కూడా తికమక పెట్టే సందర్భం ఒకటి దాదాపు ప్రతి సీజన్‌లోనూ ఎదురవుతుంది. జట్టు మొదటి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపించేవాడు, గాయపడి మైదానం వీడతాడు, బెంచి మీది కుర్రాడు హెల్మెట్ తగిలించుకుంటాడు. ఆ క్షణం నుంచి వాట్సాప్ గ్రూపుల్లో రెండే వాదనలు నడుస్తాయి: సీజన్ మునిగిపోయిందని కొందరు, వచ్చినవాడే నయమని మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే. తేల్చేది జట్టు లోతు, అంటే మొదటివాడు లేకపోయినా ఆటను నిలబెట్టగల మిగతావారి బలం. గాయం జరిగిన నిమిషం నుంచి తర్వాతి రెండు మూడు వారాల దాకా ఏది చూడాలో, ఏ వరుసలో చూడాలో, దేన్ని పట్టించుకోనక్కర్లేదో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఈ స్థానం ఎందుకంత ప్రత్యేకమో గుర్తుంచుకోవాలి. క్రికెట్‌లో ప్రధాన బౌలర్ తప్పుకుంటే అతని ఓవర్లను మిగిలిన నలుగురూ పంచుకుంటారు. క్వార్టర్‌బ్యాక్ పనిని పంచుకునేవారు ఎవరూ ఉండరు. బంతి లైను మధ్యలో నిలబడే సెంటర్ చేతి నుంచి దాదాపు ప్రతిసారీ అతని చేతికే వస్తుంది, ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి ప్లేను, అంటే ఆ ఒక్క ప్రయత్నానికి వేసుకున్న పథకాన్ని, మార్చవలసింది కూడా అతనే. 2024 సీజన్ నుంచి పై శ్రేణి కాలేజీ జట్లలో కోచ్ మాటలు హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా నేరుగా ఒక ఆటగాడికి వినిపించే ఏర్పాటు వచ్చింది గానీ, తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి గడువు లెక్కించే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేసరికి ఆ మాట ఆగిపోతుంది. ఆ తర్వాత అతని తిప్పలు అతనివే. కాబట్టి ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు వారమంతా సాధన చేయకుండా ఆ పదిహేను సెకన్లను ఎలా వాడుకుంటాడన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గడం అతని ప్రతిభ మీద ఎంత ఆధారపడి ఉంటుందో, చుట్టూ ఉన్నవారు అతనికి ఎంత సమయం మిగిల్చారన్నదాని మీద అంతకంటే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే రెండో క్వార్టర్‌బ్యాక్ ఎంత గొప్పవాడన్న ప్రశ్నను అందరూ మొదట వేసుకుంటారు, నేను మాత్రం దాన్ని చివరికి వాయిదా వేయమంటాను.

గాయపడిన వెంటనే చూడవలసినవి

వ్యాఖ్యాతలు ఏమంటున్నారన్నది పక్కన పెట్టి, సైడ్‌లైన్‌ను గమనించండి. అతడు తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చాడా, బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా వేస్తున్నాడా, విసిరే చెయ్యి శరీరానికి ఆనించుకుని ఉందా, వేలాడుతోందా అన్నవి మొదటి ఆధారాలు. తర్వాత అతన్ని వైద్యులు ఒక చిన్న నీలిరంగు గుడారంలోకి తీసుకుపోతారు. ప్రేక్షకుల కళ్ళకు దూరంగా పరీక్షించడానికి వాడే ఈ మడత గుడారాన్ని అలబామా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ విద్యార్థులే రూపొందించారు. గుడారంలోంచి బయటికి వచ్చి బంతి విసిరి చూసుకుంటున్నాడంటే ఆశ మిగిలినట్టే. నేరుగా లాకర్ గదికి నడిపించారంటే ఎక్స్‌రే తీయించే ఆలోచన ఉందని అర్థం. అతని హెల్మెట్‌ను ట్రైనర్ తీసేసుకుని తిరిగి ఇవ్వలేదంటే తలకు దెబ్బ అనుమానం ఉందన్నమాట. కంకషన్ అని తేలితే ఆ రోజుకు తిరిగి ఆడనివ్వరు, ఈ విషయంలో కోచ్‌కు ఏ అధికారమూ లేదు.

ఒక చిన్న నియమం తెలియకపోతే అనవసరంగా కంగారు పడతాం. ప్లే నడుస్తుండగా హెల్మెట్ ఊడిపోయిన ఆటగాడు తర్వాతి ప్లేకు బయట ఉండాలి. 2024 డిసెంబర్ 7న ఎస్.ఇ.సి. (దక్షిణాది విశ్వవిద్యాలయాల కాన్ఫరెన్స్, అంటే జట్ల కూటమి) ఛాంపియన్‌షిప్‌లో జార్జియా క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ మొదటి సగం చివరి ప్లేలో మోచేతికి దెబ్బ తగిలి తప్పుకున్నాడు. రెండో సగమంతా గన్నర్ స్టాక్‌టన్ నడిపించాడు. ఓవర్‌టైమ్‌లో స్టాక్‌టన్ గోల్ గీత దగ్గరికి పరుగు తీసినప్పుడు గట్టి దెబ్బ తగిలి హెల్మెట్ ఎగిరిపోయింది. ఆ ఒక్క ప్లే కోసం, బంతి విసరలేని స్థితిలో ఉన్న బెక్ మళ్ళీ మైదానంలోకి వచ్చి, ట్రెవర్ ఎటియెన్ చేతిలో బంతి పెట్టాడు; ఎటియెన్ గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు, జార్జియా టెక్సస్ మీద 22-19తో గెలిచింది. బెక్ తిరిగి రావడాన్ని చూసి గాయం చిన్నదనుకున్నవారు పొరబడ్డారు, అతనికి ఆ తర్వాత మోచేతి శస్త్రచికిత్స జరిగింది. ఒక ప్లేకు మైదానంలోకి వచ్చినవాడు ఆడగలిగిన స్థితిలో ఉన్నాడని అనుకోకూడదు.

ఏ అవయవానికి గాయమైందన్నది తెలిసిన తర్వాత ఎన్ని వారాలన్న ప్రశ్న వస్తుంది. మోకాలిలో ఎ.సి.ఎల్. అనే లిగమెంట్ తెగిందంటే ఆ సీజన్ ముగిసినట్టే, కోలుకోవడానికి సుమారు తొమ్మిది నెలలో అంతకు మించో పడుతుంది. చీలమండ విషయంలో మామూలు బెణుకు, పై బెణుకు అని రెండు రకాలున్నాయి. పాదం లోపలికి మడతపడి వచ్చే మామూలు బెణుకు ఒకటి రెండు వారాల్లో సర్దుకోవచ్చు గానీ, కాలి రెండు ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లకు తగిలే పై బెణుకు నెల దాటినా వదలదు, ఎందుకంటే బంతి విసిరేటప్పుడు వెనక కాలిని నేలకు తన్ని బలం తెచ్చుకోవడమే క్వార్టర్‌బ్యాక్ వృత్తి. విసిరే భుజం కీలు బెణికితే ఎన్ని వారాలన్నది బెణుకు తీవ్రతను బట్టి ఉంటుంది. ఇక్కడ ఓక్లహోమా ఆటగాడు సామ్ బ్రాడ్‌ఫర్డ్‌ను గుర్తు చేసుకోవాలి: 2008లో కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన అతడు 2009 సెప్టెంబర్‌లో బి.వై.యు. మీద మొదటి ఆటలోనే కుడి భుజం బెణికించుకున్నాడు, అక్టోబర్‌లో తిరిగి వచ్చాడు, టెక్సస్ మీద ఆటలో అదే భుజం మీద మళ్ళీ పడ్డాడు, ఆపరేషన్‌తో సీజన్ ముగిసింది. తిరిగి వచ్చినవాడి మీద ఆశలు పెట్టుకునే ముందు ఇలాంటి ఉదాహరణ ఒకటి మనసులో ఉండటం మంచిది.

పక్కటెముకలు, పొట్ట పక్క కండరాల గాయాలు బయటికి చిన్నవిగా కనిపిస్తాయి గానీ, మొండెం తిప్పితేనే దూరపు పాస్ పడుతుంది కాబట్టి ఆడినా పొట్టి పాస్‌లతోనే సరిపెట్టుకుంటాడు. వేళ్ళ సంగతి వేరుగా చెప్పనక్కర్లేదు, విసిరే చేతి బొటనవేలు ఎంత ముఖ్యమో ఎవరైనా ఊహించగలరు. కంకషన్‌కు మాత్రం రోజుల లెక్క వేయకండి. తేలికపాటి వ్యాయామం నుంచి పూర్తి స్థాయి సాధన దాకా మెట్టు మెట్టుగా సాగే ఆ ప్రక్రియలో లక్షణాలు తిరిగి కనిపిస్తే ఆటగాడు వెనక్కి వెళ్ళవలసిందే.

గాయాల నివేదికలను చదవడం

కొన్నేళ్ళ క్రితం వరకు కాలేజీ కోచ్‌లు గాయాల గురించి నోరు మెదిపేవారు కారు. విద్యార్థి ఆరోగ్య వివరాలు గోప్యమన్న కారణం ఒకటి, ఎదుటి జట్టుకు సమాచారం ఇవ్వడం ఇష్టంలేకపోవడం అసలు కారణం. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాష్ట్రాల్లో క్రీడా పందేలు చట్టబద్ధమవుతూ వచ్చాయి, లోపలి సమాచారం కోసం ఆటగాళ్ళ మీద, ట్రైనర్ల మీద ఒత్తిడి పెరిగింది, దాంతో కాన్ఫరెన్స్‌లు నివేదికలను తప్పనిసరి చేయక తప్పలేదు. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2023లో మొదలుపెట్టింది, ఆట ప్రారంభానికి రెండు గంటల ముందు జాబితా ఇస్తుంది. ఎస్.ఇ.సి. 2024 నుంచి కాన్ఫరెన్స్ ఆటలకు ముందు బుధవారం మొదలుపెట్టి ప్రతిరోజూ జాబితాను సవరిస్తూ, చివరి జాబితాను 90 నిమిషాల ముందు విడుదల చేస్తుంది.

మనకు దీని అర్థం ఏమిటంటే, అమెరికా తూర్పు సమయం ప్రకారం శనివారం మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే బిగ్ టెన్ ఆట బెంగళూరులో రాత్రి 9:30కు మొదలవుతుంది, జాబితా 7:30కే చేతికొస్తుంది. నవంబర్ మొదటి ఆదివారం అక్కడి గడియారాలు వెనక్కి జరిగాక ఇవన్నీ మనకు గంట ఆలస్యమవుతాయి. అంతవరకూ అక్కడి మధ్యాహ్నం 3:30 ఆట మనకు రాత్రి ఒంటిగంటకు, రాత్రి 7:30 ఆట ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు పడుతుంది. నిద్ర మానుకుని కూర్చోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఈ జాబితా బాగా పనికొస్తుంది. జాబితాలో క్వశ్చనబుల్ (ఆడతాడో లేదో తెలియదు) అని ఉన్న క్వార్టర్‌బ్యాక్ గురించి వెంటనే ఏ నిర్ణయానికీ రావద్దు. గురువారం క్వశ్చనబుల్‌గా ఉన్నవాడు శుక్రవారం ప్రాబబుల్ (బహుశా ఆడతాడు) అయ్యాడా, డౌట్‌ఫుల్ (ఆడకపోవచ్చు) అయ్యాడా అన్న కదలికే అసలు వార్త. కోచ్ విలేకరుల సమావేశంలో చెప్పేదాన్ని మాత్రం సగానికి సగం తగ్గించి వినాలి. కుర్రాడు రోజురోజుకూ మెరుగవుతున్నాడు అన్న మాట వారం తర్వాత వారం వినిపిస్తూనే ఉంటుంది.

పేర్లను కాక ఆడిన ప్లేలను లెక్కపెట్టండి

జట్టు విడుదల చేసే డెప్త్ చార్ట్‌లో ప్రతి స్థానానికీ ఇద్దరు ముగ్గురు పేర్లు వరుసగా ఉంటాయి. రెండో పేరుకూ మూడో పేరుకూ మధ్య “లేదా” అన్న పదం కనిపిస్తే కోచ్ ఇంకా తేల్చుకోలేదని అర్థం, లేదా ఇద్దరిలో ఎవరూ జట్టు విడిచిపోకుండా మభ్యపెడుతున్నాడని అర్థం. నా అభిప్రాయంలో రెండోదే ఎక్కువసార్లు నిజం. 2021లో ఆటగాళ్ళు ఒకసారి వేరే విశ్వవిద్యాలయానికి మారినా ఏడాదిపాటు కూర్చోనక్కర్లేదన్న నియమం వచ్చింది, 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. రెండేళ్ళు బెంచి మీద కూర్చుని తన వంతు కోసం చూసే నాలుగో సంవత్సరం కుర్రాడు, ప్లేబుక్ కంఠతా వచ్చినవాడు, ఒకప్పుడు ప్రతి పెద్ద జట్టులోనూ ఉండేవాడు. ఇప్పుడు అలాంటివాడు సీజన్ ముగియగానే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేసుకుని వేరేచోట మొదటివాడైపోతున్నాడు. అందువల్ల చాలా జట్లలో రెండో స్థానంలో ఉన్నది మొదటి సంవత్సరం కుర్రాడో, వేసవిలో కొత్తగా వచ్చి చేరినవాడో అవుతున్నాడు.

రెండోవాడి గాయం కూడా జట్టు భవిష్యత్తును ఎలా మారుస్తుందో ఒహాయో స్టేట్‌లో 2017లో జరిగినదాన్ని బట్టి తెలుస్తుంది. ఆ ఆగస్టు సాధనలో జో బరో చేతి ఎముక విరిగింది. అతను కోలుకునేలోపు డ్వేన్ హాస్కిన్స్ రెండో స్థానంలో కుదురుకున్నాడు. నవంబర్‌లో మిషిగన్ మీద ఆటలో జె.టి. బారెట్ గాయంతో తప్పుకోగా హాస్కిన్స్ వచ్చి 31-20తో గెలిపించాడు. మరుసటి ఏడాది మొదటి స్థానం హాస్కిన్స్‌కే దక్కింది, బరో ఎల్.ఎస్.యు.కు వెళ్ళిపోయి 2019లో హైస్మన్ ట్రోఫీని, జాతీయ టైటిల్‌ను గెలిచాడు. ఆగస్టు సాధన గాయాల వార్తలను అందుకే చిన్నచూపు చూడకూడదు.

కాబట్టి చేయవలసిన పని ఇది. రెండోవాడు ఇప్పటిదాకా ఎన్ని ప్లేలు ఆడాడో చూడండి, ఆ ప్లేలు ఎప్పుడు ఆడాడో అంతకంటే శ్రద్ధగా చూడండి. జట్టు 35 పాయింట్ల ఆధిక్యంలో ఉండగా నాలుగో క్వార్టర్‌లో వచ్చి పది సార్లు బంతిని రన్నింగ్ బ్యాక్, అంటే బంతితో పరుగెత్తేవాడి, చేతిలో పెట్టినవాడికి అనుభవం ఉన్నట్టు కాదు. ఆట ఇంకా తేలని దశలో, మూడో డౌన్‌లో (పది గజాలు ముందుకు పోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఏడెనిమిది గజాలు కావలసినప్పుడు అతడు ఎన్నిసార్లు విసిరాడన్నది లెక్కపెడితే, చాలామంది విషయంలో సమాధానం సున్నా. ప్రతి ఆటకూ ప్లేల వారీగా వివరాలు జట్ల అధికారిక సైట్లలో దొరుకుతాయి కాబట్టి ఈ లెక్క పావుగంట పని. మొదటి సంవత్సరం కుర్రాడైతే ఇంకో సంగతి చూడాలి. 2018 నుంచి ఉన్న నియమం ప్రకారం ఒక సీజన్‌లో నాలుగు ఆటల దాకా ఆడినా కాలేజీలో ఆడేందుకు అతడికున్న ఏళ్ళలో ఆ ఏడాది ఖర్చు కాదు, అయిదో ఆటలో అడుగుపెడితే ఖర్చవుతుంది. అక్టోబర్‌లో మొదటివాడు గాయపడితే కోచ్ మూడోవాడిని ముందుకు తోసి, మంచి కుర్రాడిని దాచిపెట్టడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఎదుటి జట్టు స్థాయిని మరచిపోవడం అందరికంటే సులువుగా చేసే పొరబాటు. 2024 సెప్టెంబర్ 14న టెక్సస్, దానికంటే చిన్న జట్టు యు.టి.ఎస్.ఎ. మధ్య ఆటలో, మనకు ఆదివారం తెల్లవారుజామున, టెక్సస్ మొదటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూఅర్స్ పొట్ట పక్క కండరం పట్టేసి తప్పుకున్నాడు. ఆర్చ్ మానింగ్ వచ్చి మొదటి పాస్‌నే 19 గజాల టచ్‌డౌన్‌గా మార్చాడు, కాసేపటికే 67 గజాలు పరుగెత్తి మరొకటి చేశాడు. మారతహళ్ళిలో మా మిత్రుల ఫ్లాట్‌లో ఫిల్టర్ కాఫీ గ్లాసులు చేతుల్లో పట్టుకుని చూస్తున్నాం. కర్నూలు నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు ఆ పరుగు చూసి లేచి నిలబడ్డాడు.

“అన్నా, వీడే ఇంత బాగున్నాడు కదా, ఇంక మొదటివాడెందుకు?”

ఆస్టిన్‌లో చదివి వచ్చిన మిత్రుడు టీవీ మీంచి చూపు తిప్పలేదు. “తమ్ముడూ, వాణ్ణి ఎవరైనా ముట్టుకున్నారేమో చెప్పు ముందు. లైను చూడు, లైను.”

ఆ ఆట 56-7తో ముగిసింది. మానింగ్ తర్వాత రెండు ఆటలు మొదలుపెట్టి రెండూ గెలిచాడు. యూఅర్స్ అక్టోబర్ 12న ఓక్లహోమా మీద తిరిగి వచ్చాడు, కోచ్ స్టీవ్ సార్కీసియన్ సీజన్ చివరిదాకా అతన్నే మొదటివాడిగా ఉంచాడు, జట్టు ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఆ తెల్లవారుజామున మా మిత్రుడు చెప్పిన మాటే ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం, కాబట్టి అక్కడికి వద్దాం.

మిగిలిన పదిమందినీ, డిఫెన్స్‌నూ చూడండి

2014 ఒహాయో స్టేట్ కథను చాలామంది మూడో క్వార్టర్‌బ్యాక్ అద్భుతంగా చెప్పుకుంటారు. అందులో అద్భుతం కొంతే, మిగిలినది జట్టు లోతు. ఆగస్టులో బ్రాక్స్టన్ మిల్లర్ భుజం దెబ్బతిని సీజన్‌కు దూరమయ్యాడు. జె.టి. బారెట్ తన రెండో ఆటలోనే వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడాడు, ఆ ఆటలో అతడు మూడు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) విసిరాడు, విసరకముందే పట్టుబడి ఏడుసార్లు సాక్ అయ్యాడు. కారణం అతనొక్కడే కాదు. ఆఫెన్సివ్ లైన్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్‌కు ముందు కాపలా కాసే అయిదుగురిలో, ఎక్కువమంది ఆ ఏడాదే కొత్తగా మొదలుపెట్టినవారు. ఆ లైనే వారం వారం కుదురుకుంది. నవంబర్ 29న మిషిగన్ మీద బారెట్ చీలమండ విరిగే నాటికి, ముందున్న అయిదుగురూ పన్నెండు ఆటలు కలిసి ఆడినవారు. వారం తిరగకుండా, డిసెంబర్ 6న బిగ్ టెన్ ఛాంపియన్‌షిప్‌లో కార్డేల్ జోన్స్ తన జీవితంలో మొదటిసారి ఆట మొదలుపెట్టాడు, విస్కాన్సిన్ మీద జట్టు 59-0తో గెలిచింది. తర్వాత అలబామా మీద 42-35, జాతీయ ఫైనల్లో ఒరెగన్ మీద 42-20.

ఆ మూడు ఆటల్లో జోన్స్ దూరపు పాస్‌ల గురించే అందరూ మాట్లాడతారు. అవి నిజంగానే గొప్పవి. కానీ అదే మూడు ఆటల్లో రన్నింగ్ బ్యాక్ ఎజెకియెల్ ఎలియట్ వరుసగా 220, 230, 246 గజాలు పరుగెత్తాడు. ఒక రన్నింగ్ బ్యాక్ అలా పరుగెడుతుంటే డిఫెన్స్ మనుషులను ముందుకు లాక్కోవలసి వస్తుంది, వెనక మైదానం ఖాళీ అవుతుంది, కొత్త క్వార్టర్‌బ్యాక్ చేయవలసిన పని ఒంటరిగా పరుగెడుతున్న రిసీవర్ (పాస్ అందుకునేవాడు) డెవిన్ స్మిత్‌కు బంతిని దూరంగా వేయడమే. జోన్స్‌కు పెద్ద చెయ్యి ఉంది, ఆ జట్టుకు అతని చేతికి తగ్గ పని మాత్రమే అతనికి అప్పగించగలిగే లోతు ఉంది.

దీనికి వ్యతిరేకంగా 2007 ఒరెగన్‌ను పెట్టి చూడండి. దేశంలో రెండో ర్యాంకులో ఉన్న ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ డెనిస్ డిక్సన్ మోకాలు నవంబర్ 15న అరిజోనా మీద ఆటలో లొంగిపోయింది. అప్పటికే రన్నింగ్ బ్యాక్ జెరమయ్య జాన్సన్, రిజర్వ్ క్వార్టర్‌బ్యాక్ నేట్ కోస్టా మోకాలి గాయాలతో సీజన్‌కు దూరమయ్యారు. జట్టు ఆ ఆట 34-24తో ఓడింది, తర్వాత యు.సి.ఎల్.ఎ. చేతిలో ఒక్క పాయింటు కూడా చేయకుండా 16-0తో, ఒరెగన్ స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడింది. డిక్సన్ ఒక్కడి గాయమే కూల్చిందని అనుకుంటే లెక్క తప్పుతుంది. అతని చుట్టూ ఉన్న రెండో వరుస అప్పటికే ఖాళీ అయి ఉంది, అతని ఆట ఆ ఖాళీని కప్పి ఉంచింది. వారాల విరామం దొరికాక ఆ జట్టే మొదటి సంవత్సరం కుర్రాడు జస్టిన్ రోపర్‌తో సన్ బౌల్ అనే సీజన్ చివరి ఆటలో సౌత్ ఫ్లోరిడా మీద 56-21తో గెలిచింది. సాధనకు దొరికిన సమయం కూడా జట్టు లోతులో భాగమేనని దీన్నిబట్టి తెలుస్తుంది. సీజన్ నడుస్తుండగా కాలేజీ ఆటగాళ్ళకు వారానికి 20 గంటలకు మించి సాధన పెట్టకూడదు. అందులో మొదటి జట్టుతో చేసే ప్లేలలో సింహభాగం మొదటి క్వార్టర్‌బ్యాక్‌కే పోతుంది. గాయం తర్వాత జట్టుకు ఖాళీ వారం ఉందా, ఆరో రోజునే పెద్ద ప్రత్యర్థి ఉన్నాడా అన్నది అందుకే షెడ్యూల్‌లో వెతకాలి.

చూడవలసినవారిలో లైన్ ఎడమ చివర నిలిచే లెఫ్ట్ టాకిల్ మొదటివాడు, కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ వీపు వెనక కాపలా అతనిదే కాబట్టి. క్వార్టర్‌బ్యాక్ ఎడమచేతివాడైతే ఆ కాపలా రైట్ టాకిల్‌ది అవుతుంది. సెంటర్ రెండోవాడు. అనుభవం ఉన్న సెంటర్ డిఫెన్స్‌ను చదివి కాపలా ఎటు మళ్ళాలో తానే కేకవేసి చెప్పగలడు, కొత్త కుర్రాడి భారం సగం తగ్గుతుంది. ఇద్దరూ కొత్తవారే అయితే ఆ జట్టు మీద ఆశ తగ్గించుకోండి. ఇక డిఫెన్స్ ప్రత్యర్థిని ఇరవై పాయింట్లలోపు ఆపగలిగితే కొత్త క్వార్టర్‌బ్యాక్ గెలిపించనక్కర్లేదు, చెడగొట్టకుంటే చాలు.

కొత్తవాడి మొదటి ఆటను చూసే పద్ధతి

మొదటి పది పదిహేను ప్లేలను బట్టి తీర్పు చెప్పకండి. వాటిని కోచ్‌లు ముందే రాసిపెట్టుకుని సాధన చేయిస్తారు, అవి బాగానే ఉంటాయి. ఆ తర్వాత ఎదుటి డిఫెన్స్ కోచ్ బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు మనుషులతో దాడి) పంపడం మొదలుపెట్టాకే అసలు ఆట. స్నాప్‌కు, అంటే సెంటర్ బంతిని అందించడానికి, ముందు కుర్రాడు కళ్ళు ఎక్కడ పెడుతున్నాడు, ఒకే రిసీవర్‌ను చూస్తూ నిలబడిపోతున్నాడా, ప్లే క్లాక్ సున్నాకు చేరుకుంటుంటే చేతులు ఊపుతూ టైమ్‌అవుట్లు ఖర్చు చేస్తున్నాడా అన్నవి గణాంకాలలో కనిపించవు. కోచ్ అతన్ని పదేపదే ఒక పక్కకు పరుగెత్తిస్తూ విసిరిస్తుంటే, మైదానాన్ని సగానికి కుదించి అతని పని తేలిక చేస్తున్నాడని అర్థం. మొదటి ఆటలో అది తెలివైన పనే, మూడో ఆటలో కూడా అదే చేస్తుంటే నమ్మకం కుదరలేదన్నమాట. స్కోరు పట్టికలో ఒకే ఒక్క అంకె చూడాలంటే మూడో డౌన్‌లో సగటున ఎన్ని గజాలు మిగిలాయో చూడండి. మూడు నాలుగు గజాలైతే చుట్టూ ఉన్నవారు కాపాడుతున్నారు. తొమ్మిది పది గజాలైతే ఎంతటివాడైనా తట్టుకోలేడు.

ఆట మధ్యలో వచ్చినవాడి మీద తీర్పు ఇంకా ఆలస్యం చేయాలి. 2010 జనవరి 7న జాతీయ ఫైనల్లో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ మొదటి డ్రైవ్‌లోనే (బంతి చేతికొచ్చాక సాగే వరస ప్లేలు) భుజానికి దెబ్బ తగిలి తప్పుకున్నాడు. మొదటి సంవత్సరం కుర్రాడు గ్యారెట్ గిల్బర్ట్ వచ్చాడు. సగం ముగిసేసరికి జట్టు 24-6తో వెనకబడింది, రెండో సగంలో అదే కుర్రాడు 24-21 దాకా తెచ్చాడు, చివరికి అలబామా 37-21తో గెలిచింది. నాలుగు ఇంటర్‌సెప్షన్లు విసిరిన ఆ రాత్రిని చూసి అతడు పనికిరాడన్నవారు, రెండో సగాన్ని చూసి అతడే రేపటి నాయకుడన్నవారు, ఇద్దరూ ఒక్క ఆటతోనే అంత మాట అనేశారు.

గెలిచినా చాలకపోవచ్చు

2023లో ఫ్లోరిడా స్టేట్‌కు జరిగినది ఈ ఆటలో ఇప్పటికీ వాదన ఆగని వ్యవహారం. నవంబర్ 18న నార్త్ అలబామా మీద, అంటే కింది శ్రేణి జట్టు మీద, మొదటి క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. రెండోవాడు టేట్ రోడ్‌మేకర్ ఫ్లోరిడా మీద 24-15తో గెలిపించి, ఆ ఆటలోనే తలకు దెబ్బ తగిలించుకున్నాడు. మూడోవాడు, మొదటి సంవత్సరం కుర్రాడు బ్రాక్ గ్లెన్, ఎ.సి.సి. కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో 55 గజాలే విసిరినా డిఫెన్స్ బలంతో జట్టు లూయివిల్‌పై 16-6తో గెలిచింది. పదమూడు ఆటలు ఆడి పదమూడూ గెలిచిన ఆ జట్టును ఎంపిక కమిటీ జాతీయ టైటిల్ కోసం నాలుగు జట్లు ఆడే ప్లేఆఫ్‌లోకి తీసుకోలేదు, ఒక ఓటమి ఉన్న అలబామాను తీసుకుంది. ట్రావిస్ లేని జట్టు మునుపటి జట్టు కాదన్నదే వారి వాదన. ముఖ్య ఆటగాళ్ళ గైర్హాజరీని పరిగణించవచ్చని కమిటీ నిబంధనల్లోనే ఉంది. మైదానంలో గెలిచినదాన్ని గదిలో కూర్చుని కొట్టేయడం నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడిపోవడాన్ని కమిటీ సరైనదనడానికి సాక్ష్యంగా చూపేవారున్నారు గానీ, ఆ ఆటకు ఫ్లోరిడా స్టేట్‌లో చాలామంది ముఖ్య ఆటగాళ్ళు దిగనే లేదు.

2024 నుంచి ప్లేఆఫ్‌లో పన్నెండు జట్లకు చోటు ఉంది కాబట్టి ఓటమి లేని పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్‌ను బయట పెట్టే ప్రమాదం పోయినట్టే. అయినా కమిటీ సీడింగ్ ఇచ్చేటప్పుడు క్వార్టర్‌బ్యాక్ గాయాన్ని చూడకుండా ఉండదు. నవంబర్‌లో మీ జట్టు క్వార్టర్‌బ్యాక్ గాయపడితే, ఎంత తేడాతో గెలిచింది, కొత్తవాడు ఎలా కనిపించాడు అన్నవి కూడా ర్యాంకుల్లో లెక్కకొస్తాయని గుర్తుంచుకోండి.

మొదటివాడు తిరిగి వచ్చినప్పుడు

ఇక్కడ అభిమానులు మళ్ళీ రెండుగా చీలిపోతారు. తిరిగి వచ్చినవాడి మొదటి ఆటలో కోచ్ అతనితో కావాలని పరుగు తీయించే ప్లేలు పిలుస్తున్నాడా, ఒత్తిడి వచ్చినప్పుడు అతడు ముందుకు అడుగు వేసి విసురుతున్నాడా, వెనక్కి వాలి విసురుతున్నాడా అన్నవి చూస్తే ఆరోగ్యం ఎంతవరకు కుదిరిందో తెలుస్తుంది. అలబామాలో టువా టాగోవైలోవా 2018 డిసెంబర్ 1న చీలమండ దెబ్బతో తప్పుకోగా, అంతకుముందు సీజన్ ఫైనల్లో టువా కోసం బెంచికి వెళ్ళిన జేలెన్ హర్ట్స్ లేచి వచ్చి జార్జియా మీద 35-28తో గెలిపించాడు. టువా శస్త్రచికిత్స చేయించుకుని 28 రోజుల్లో తిరిగి వచ్చి ఓక్లహోమా మీద 27 పాస్‌లలో 24 అందేలా వేశాడు. వేగంగా కోలుకున్న ఆ కథను విన్నవారు 2019ని కూడా చదవాలి. ఆ అక్టోబర్‌లో రెండో చీలమండకు గాయం, మళ్ళీ శస్త్రచికిత్స, మళ్ళీ తొందరగా రాక. నవంబర్ 16న మిసిసిప్పీ స్టేట్ మీద జట్టు 35-7తో ఆధిక్యంలో ఉండగా ఇంకా మైదానంలోనే ఉన్న టువా తుంటి కీలు తప్పింది.

అప్పుడు వచ్చిన మ్యాక్ జోన్స్ ఆ నెలాఖరులో ఆబర్న్ మీద రెండు ఇంటర్‌సెప్షన్లను ప్రత్యర్థి టచ్‌డౌన్లుగా సమర్పించుకుని 48-45తో ఓడాడు. మరుసటి సీజన్‌లో అతడే, ఆగస్టు నుంచి మొదటి జట్టుతో సాధన చేసి, పదమూడుకు పదమూడు ఆటలూ గెలిచి జాతీయ టైటిల్ తెచ్చాడు. కాబట్టి గాయం వచ్చిన వారంలో రెండోవాడి గురించి ఏమైనా రాసిపెట్టుకుంటే తేదీ వేసి రాసుకోండి, వచ్చే ఆగస్టు డెప్త్ చార్ట్ వచ్చినప్పుడు పక్కన పెట్టి చదవండి.